నాలుగేళ్లు వాడిన విటమిన్ సి డ్రాప్స్: మా ఇంటి అనుభవం

మా బాబుకి ఏడాదిన్నర వయసున్నప్పుడు, 2021 నవంబరులో, మొదటి సీసా ఇంటికి వచ్చింది. ఆఖరి సీసా 2025 అక్టోబరులో ముగిసింది. ఈ నాలుగేళ్లలో ఇంట్లో అందరం ఎప్పుడో ఒకప్పుడు ఆ డ్రాపర్ పట్టుకున్నవాళ్లమే. మందు పనిచేసిందా అని అడిగితే, దేనికి వాడామో చెప్పకుండా జవాబు చెప్పలేను.

మేముండేది చెన్నైలో పెరంబూరు. అత్తయ్యా మామయ్యా గూడూరు నుంచి వచ్చి మాతోనే ఉంటున్నారు. బాబు ఆ రోజుల్లో పాలు, పెరుగన్నం, బిస్కెట్లు తప్ప ఇంకేదీ నోట పెట్టనిచ్చేవాడు కాదు. పండు ముక్క పెదవికి తగిలితే చాలు, ఉమ్మేసేవాడు. మొహం పాలిపోయి కనిపిస్తోందని పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే రక్తపరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ 9.2. ఆ వయసుకి 11 అయినా ఉండాలన్నారు. ఐరన్ డ్రాప్స్, వాటితో పాటు విటమిన్ సి డ్రాప్స్ రాశారు.

"జలుబులు రాకుండానా డాక్టర్?" అని అడిగాను. "కాదమ్మా. ఆకుకూరల్లో, పప్పుల్లో, రాగుల్లో ఉండే ఇనుము ఒంటికి పట్టాలంటే పక్కన విటమిన్ సి ఉండాలి. వీడు తినేదాంట్లో అదే లేదు" అన్నారు. చీటీ రాసేముందు, ఇంట్లో ఎవరికైనా తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తహీనత జబ్బు), జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము తక్కువగా ఉండడం), కిడ్నీలో రాళ్లు ఉన్నాయా అని కూడా అడిగారు. ఎందుకో తర్వాత తెలిసింది. తలసీమియా ఉన్న పిల్లలకు తరచూ రక్తం ఎక్కించడం వల్ల ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది. విటమిన్ సి ఆ ఇనుముతో జతైతే గుండెకు చేటు. జీ6పీడీ లోపం ఉన్నవాళ్లకు పెద్ద మోతాదులో ఇస్తే ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి. రాళ్ల సంగతి మా మామయ్య దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

మేం వాడింది 15 మి.లీ. గోధుమరంగు గాజు సీసా. ఒక మి.లీ.లో 100 మి.గ్రా. విటమిన్ సి. బాబుకి రాసింది రోజుకి అర మి.లీ., అంటే 50 మి.గ్రా. రుచి తియ్యగా, పుల్లగా ఉంటుంది, వాడు పేచీ పెట్టలేదు. మేం కొన్నప్పుడు సీసా ధర నూరు రూపాయల లోపే ఉండేది. ఇంతవరకూ అన్నీ మంచి మార్కులే.

ఇబ్బంది మొదటి వారంలోనే వచ్చింది. పోలియో చుక్కలు రెండు వేయించిన అలవాటు కదా, అత్తయ్య ప్రతిసారీ "ఎన్ని చుక్కలమ్మాయ్?" అని అడిగేవారు. డ్రాప్స్ అనే పేరే తప్పుదోవ పట్టిస్తుంది. డ్రాపర్‌ని నిలువుగా పట్టుకుంటే ఒక సైజు చుక్క, వాల్చి పట్టుకుంటే ఇంకో సైజు చుక్క పడుతుంది. ఒక సీసా డ్రాపర్ మూతి సన్నం, ఇంకోదాని మూతి వెడల్పు. అందుకని చుక్కలు లెక్కపెట్టడం మానేసి, డ్రాపర్ని కంటికి ఎదురుగా పెట్టి గీత దాకా పీల్చడం అలవాటు చేసుకున్నాం. సీసా అయ్యేలోపే ఆ గీతలు చెరిగిపోయేవి. అప్పటి నుంచి సూది లేని 1 మి.లీ. సిరంజి కొని దాంతోనే కొలిచాం. ఈ సీసాలో నాకు నచ్చనిది ఏదైనా ఉందంటే ఆ చెరిగిపోయే గీతలే.

ఇంతకంటే పెద్ద పొరపాటు మెడికల్ షాపులో జరగబోయింది. 2023లో ఒకసారి మేం వాడే సీసా లేదని షాపు అబ్బాయి ఇంకోటి చేతిలో పెట్టాడు. "రెండుమ్ ఒణ్ణుదామ్మా" (రెండూ ఒకటేనమ్మా) అన్నాడు. ఇంటికొచ్చి చదివితే అది డ్రాప్స్ కాదు, సిరప్. అందులో మోతాదు రాసింది 5 మి.లీ.కి, పైగా జింకు కూడా కలిపి ఉంది. మా చీటీలోని అర మి.లీ. లెక్కన ఇస్తే, ఆ సీసా మీద రాసిన మోతాదులో బాబుకి పదో వంతే అందేది. అదే తిరగబడి ఉంటే? సిరప్‌కి అలవాటుపడిన తల్లి 5 మి.లీ. డ్రాప్స్ పోసేస్తే 500 మి.గ్రా. పిల్లాడి కడుపులోకి వెళ్తుంది. అందుకే సీసా మీద "ఒక మి.లీ.కి ఎంత" అన్న వరుస చదవకుండా నేను డబ్బు ఇవ్వను. ఇంకో మాట: కొన్ని సీసాలు మందుల లైసెన్సుతో వస్తాయి, కొన్ని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తుతో, 14 అంకెల లైసెన్సు నంబరుతో ఆహార సప్లిమెంట్లుగా వస్తాయి. రెండూ ఒకే అరలో పక్కపక్కనే ఉంటాయి. ఏది చేతిలో ఉందో చూసుకోవాలి.

అసలు ఒంటికి ఎంత కావాలి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మగవాళ్లకు రోజుకి 80 మి.గ్రా., ఆడవాళ్లకు 65, పాలిచ్చే తల్లికి 115. చిన్నపిల్లలకు ఇందులో సగం కూడా అక్కర్లేదు. అమెరికా వాళ్లు పైహద్దు కూడా చెప్పారు: ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు 400 మి.గ్రా., నాలుగు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకు 650, పెద్దలకు 2000. హద్దు ఉంది కదా అని అక్కడిదాకా వెళ్లాల్సిన పని లేదు. రోజుకి 30 నుంచి 180 మి.గ్రా. దాకా తీసుకుంటే డెబ్భై నుంచి తొంభై శాతం ఒంటికి పడుతుంది. ఒక గ్రాము దాటితే సగం కూడా పట్టదు. మిగిలింది పేగుల్లో ఉండి నీళ్లు లాగుతుంది, విరేచనాలు అవుతాయి.

ఇది నేను చదివి నేర్చుకున్నది కాదు. 2022 వానల్లో మా పాపకి ఆరేళ్లు. ముక్కు కారుతోందని నేనే డ్రాప్స్ రెండు మి.లీ. ఇచ్చాను. మా ఆయన ఆఫీసు బ్యాగులో 500 మి.గ్రా. చప్పరించే మాత్రలు ఉండేవి. నారింజ మిఠాయిలా ఉంటాయి కదా, అది అడగకుండా రెండు తినేసింది. అన్నీ కలిపితే 1200 మి.గ్రా. ఆ రాత్రి పిల్ల కడుపు పట్టుకుని ఏడుస్తూ నాలుగుసార్లు బాత్రూముకి వెళ్లింది. ఓఆర్ఎస్ తాగించి తెల్లవార్లూ పక్కన కూర్చున్నాను. ఉదయానికి తగ్గింది. తప్పు నాదే. జలుబుకి ఇది మందు కాదని డాక్టరమ్మ చెప్పాక కూడా ఇచ్చాను.

జలుబు సంగతిలో శాస్త్రం చెప్పేది ఇంతే. వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2013లో చేసిన పరిశీలన ప్రకారం, రోజూ విటమిన్ సి తీసుకున్నా మామూలు మనుషులకు జలుబు రావడం తగ్గదు. వచ్చిన జలుబు ఉండే కాలం పెద్దవాళ్లలో సుమారు 8 శాతం, పిల్లల్లో 14 శాతం తగ్గుతుంది. వారం రోజుల జలుబు పిల్లల్లో ఒక రోజు, పెద్దవాళ్లలో సుమారు అర రోజు ముందు పోతుందన్నమాట. ముక్కు కారడం మొదలయ్యాక ఇస్తే నికరమైన ఫలితం కనబడలేదు. మా ఇంట్లో కూడా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో బాబుకి జలుబులు వస్తూనే ఉన్నాయి, డ్రాప్స్ వేసిన ఏడాదీ, మధ్యలో ఆపిన ఏడాదీ. జలుబు కోసం ఈ సీసా కొనబోయేవాళ్లకి నా సలహా, వద్దు.

రక్తం విషయంలో మాత్రం తేడా చూశాం. మూడు నెలలకు హిమోగ్లోబిన్ 10.8, ఆరు నెలలకు 11.6. ప్రధానంగా పనిచేసింది ఐరనే, అందులో నాకు సందేహం లేదు. కానీ పండు ముట్టని పిల్లాడికి తోడుగా ఇది అందడం మంచిదే అయింది. మొదట్లో నేను పని తొందరలో రెండూ వేడి పాలల్లో కలిపేశాను. పాలు విరిగాయి. అంతేకాక పాలు ఇనుముని ఒంటికి పట్టనివ్వవట. తర్వాత నుంచి ఉదయం పాలకీ మందుకీ గంటన్నర ఎడం పెట్టాం. పిల్లాడిని కూర్చోబెట్టి, బుగ్గ లోపలి వైపు కొంచెం కొంచెంగా వదిలేవాళ్లం. ఏడుస్తున్నప్పుడు గొంతులోకి కొడితే పొలమారుతుంది. అయ్యాక రెండు గుక్కల నీళ్లు తప్పనిసరి. ఐరన్ పళ్లను నల్లగా చేస్తుంది, విటమిన్ సి పుల్లదనం ఎనామిల్‌ని తినేస్తుంది.

ఇక భయపడిన రోజు గురించి. ఐరన్ సీసా, విటమిన్ సి సీసా రెండూ ఒకే ఎత్తు, ఒకే గోధుమరంగు, ఒకేలాంటి డ్రాపర్. ఒక మధ్యాహ్నం అత్తయ్య రెండు డ్రాపర్లూ కడిగి, ఒకదానికొకటి మార్చి పెట్టేశారు. రెండు రోజుల తర్వాత తెల్ల చెంచాలో పోస్తే విటమిన్ సి ముదురు టీ రంగులో ఉంది. ఇనుము కానీ రాగి కానీ కాస్త తగిలినా విటమిన్ సి త్వరగా పాడవుతుంది. పాడైన మందు సంగతి అటుంచితే, నా గుండె ఆగినంత పనైంది. ఎందుకంటే రెండు సీసాలు ఇంత సులువుగా తారుమారైతే, ఏదో ఒక రోజు విటమిన్ సి అనుకుని ఐరన్ రెండుసార్లు పోయొచ్చు. విటమిన్ సి కాస్త ఎక్కువైతే విరేచనాలతో పోతుంది. ఐరన్ బాగా ఎక్కువైతే పసిపిల్లల ప్రాణానికే ముప్పు. అత్తయ్యని ఏమీ అనలేదు, ఆవిడే కన్నీళ్లు పెట్టుకున్నారు. ఐరన్ సీసాకి ఎర్ర దారం కట్టి, వంటింటి అలమారా పై అరలో తాళం వేసి పెట్టడం ఆ రోజు నుంచే.

చెన్నై ఎండకి ఈ మందు తట్టుకోదు. 2022 మే నెలలో కిటికీ గట్టు మీద పెట్టిన సీసా మూడు వారాల్లో పసుపు దాటి గోధుమరంగుకి వచ్చింది. గాలి, వెలుగు, వేడి మూడూ దీనికి శత్రువులే. సీసాయే గోధుమరంగు కాబట్టి బయటినుంచి తెలియదు, తెల్ల చెంచాలో పోసి చూడాల్సిందే. ఆ తర్వాత తెల్ల టేపు మీద మూత తీసిన తేదీ రాసి ఫ్రిజ్ తలుపులో పెట్టేవాళ్లం, నెల దాటితే పారేసేవాళ్లం. అత్తయ్యకి రాగి చెంబులో నీళ్లు తాగే అలవాటు. ఆ నీళ్లలో కలపొద్దని మాత్రం గట్టిగా చెప్పాను.

పెద్దవాళ్ల సంగతి. మామయ్యకి పళ్లు లేవు, మాత్ర నమలలేరు కాబట్టి బాబు సీసాలోంచి రోజూ ఐదు మి.లీ. తాగుతానన్నారు. అంతకు ముందే ఆయనకి కిడ్నీలో రాయి పడింది. విటమిన్ సిలో కొంత ఒంట్లో ఆక్సలేట్‌గా మారుతుంది, రాళ్లు చాలావరకు దాంతోనే. స్వీడన్‌లో మగవాళ్ల మీద చేసిన పరిశీలన ఒకటి 2013లో వచ్చింది. విటమిన్ సి మాత్రలు వాడేవాళ్లకి రాళ్లు వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు అని తేలింది. పైగా ఆయనకి షుగరు. ఒంటికి అంటించుకునే గ్లూకోజ్ సెన్సర్లలో కొన్ని, రోజుకి 500 మి.గ్రా. దాటితే షుగరుని ఉన్నదానికంటే ఎక్కువగా చూపించొచ్చు. మూత్రంలో ముంచే పట్టీలో అయితే దీనికి తలకిందులు, ఉన్న షుగరుని లేనట్టు చూపించొచ్చు. ఇదంతా డాక్టరు చెప్పాక మామయ్య "నాకొద్దులేమ్మా, గూడూరు నిమ్మకాయ చాలు" అన్నారు.

నాకు ఐరన్ మాత్ర రాసినప్పుడు నేను కూడా ఒక మి.లీ. తోడు తీసుకున్నాను, రెండు నెలలు. తర్వాత తెలిసింది, 2020లో చైనాలో పెద్దవాళ్ల మీద చేసిన పరీక్షలో ఐరన్ మాత్రకి విటమిన్ సి కలిపినా, కలపకపోయినా హిమోగ్లోబిన్ ఒకేలా పెరిగిందని. మానేశాను. మా చెల్లెలు మూడు నెలల బిడ్డకి వేయొచ్చా అని ఫోన్ చేస్తే, డాక్టరు చెప్పకుండా వద్దన్నాను. నెలలు నిండి పుట్టి, తల్లిపాలు తాగే బిడ్డకి ఆ పాలే చాలు. తినాల్సింది తల్లి.

మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయారన్న వార్త 2025 అక్టోబరులో వచ్చింది. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసింది, తయారైంది మాకు దగ్గర్లోని కాంచీపురం జిల్లాలో. ఆ వారం ఫ్రిజ్‌లో ఉన్న ప్రతి సీసా తీసి చదివాను. నిద్ర పట్టలేదు. బాబుని తీసుకెళ్లి, ఇది ఇంకా అవసరమా అని డాక్టరమ్మని అడిగాను. వాడేం తింటున్నాడని ఆవిడ అడిగారు. ఐదున్నరేళ్లకి వాడు ఉప్పూ కారం చల్లిన జామకాయ తింటున్నాడు, పులిహోర తింటున్నాడు. వంద గ్రాముల జామలో 200 మి.గ్రా. పైగా విటమిన్ సి ఉంటుంది, అంటే కాయలో పావు ముక్క మా డ్రాపర్‌కి సమానం. పులిహోరలో నిమ్మరసం పొయ్యి దించాకే పిండండి, వేడికి పోతుందని చెప్పి చీటీలోంచి డ్రాప్స్ కొట్టేశారు.

మళ్లీ ఎప్పుడైనా డాక్టరు రాస్తే ఇదే 100 మి.గ్రా. సీసా కొంటాను. ఐరన్‌తో కలిపి రాస్తే రెండూ వేర్వేరు ఆకారం సీసాలు ఇమ్మని షాపులో అడుగుతాను. అబ్బాయి విసుక్కున్నా సరే, అట్టపెట్టె మీది అంకె చదివే దాకా కౌంటర్ దగ్గరే నిలబడతాను.