ఈఎల్‌ఎం327 స్కానర్: నాలుగేళ్ల వాడకం, రెండు టైమింగ్ కోడ్‌లు

మాది 2011లో కొన్న పెట్రోలు కారు. నాలుగు సిలిండర్ల ఇంజిను, బెల్టుకు బదులు టైమింగ్ చైను, ఇన్‌టేక్ వైపు వేరియబుల్ వాల్వ్ టైమింగ్ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే ఏర్పాటు) ఉన్న బండి. లక్షా ఇరవై ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగాక 2020 డిసెంబరులో చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. విజయవాడలో ఎప్పుడూ చూపించే షెడ్డులో పీ0341 అనే లోపం కోడ్ వచ్చిందని, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ స్థానం చెప్పే సెన్సర్ మార్చారు. పదకొండు రోజులకు లైటు మళ్లీ వచ్చింది. రెండోసారి కంపెనీ సెన్సరే తెప్పించి వేయించినా, నెల తిరగకుండా అదే కోడ్, దానికి తోడుగా పీ0016 కూడా వచ్చాయి. “ఇక ఈసీఎం మార్చి చూడాలి సార్” అన్న మాట వినపడ్డాక, ఇంజినును నడిపే కంప్యూటరైన ఆ ఈసీఎం ఖర్చుకు ముందు బండి ఏం చెబుతోందో నేనే చదువుకోవడం మేలనిపించి, 2021 మార్చిలో 1,150 రూపాయలు పెట్టి ఒక బ్లూటూత్ ఈఎల్‌ఎం327 అడాప్టరు (కారు ఓబీడీ సాకెట్‌లో, అంటే లోపాల కోడ్‌లు చదివే చోట, పెడితే సమాచారాన్ని ఫోన్‌కు పంపేది) కొన్నాను. ఈ సమీక్ష దాని గురించే.

నిజానికి అది రెండోది. మొదట 350 రూపాయలకు తెప్పించినది నాలుగుసార్లు పెడితే రెండుసార్లు కారుతో కలిసేదే కాదు, కలిసినప్పుడు కూడా సగం సమాచారం ఖాళీగా చూపించేది. కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ తన ఈఎల్‌ఎం327 చిప్ తొలి వెర్షన్‌కు నకలు చేయకుండా రక్షణ పెట్టకపోవడంతో దానికి లెక్కలేనన్ని నకళ్లు పుట్టాయి. అసలు సంస్థ 2022లో మూతపడింది కానీ పేరు మాత్రం ప్రతి డబ్బా మీదా బతికే ఉంది. కాబట్టి డబ్బా మీది వెర్షన్ అంకెను చూసి కొనడంలో అర్థం లేదు. ఇంటికి తెచ్చాక ఫోన్‌లోని టార్క్ యాప్‌తో ఫ్రీజ్ ఫ్రేమ్ చదవగలుగుతోందో లేదో చూసి, చదవకపోతే ఆ రోజే తిప్పి పంపాలి.

ఫ్రీజ్ ఫ్రేమ్ మీద ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి. పీ0341 అంటే క్యామ్ సెన్సర్ చెడిపోయిందని కాదు, ఆ సెన్సర్ నుంచి రావలసిన సంకేతం ఉండవలసిన తీరులో లేదని. పిస్టన్లు తిప్పే క్రాంక్ రెండు చుట్లు తిరిగితే, చైనుతో దానికి కలిసిన క్యామ్ ఒక చుట్టు తిరగాలి; ఆ రెండింటి పొత్తు కుదరడం లేదన్నది పీ0016. రెండూ ఫిర్యాదులే తప్ప, దోషి పేరు ఏ కోడ్‌లోనూ ఉండదు. అయితే కోడ్ నమోదైన క్షణాన ఇంజిను వేగం, కూలెంట్ వేడి, బండి వేగం, లోడ్ ఎంతెంత ఉన్నాయో ఈసీఎం ఒక చిత్తరువులాగా దాచుకుంటుంది. అదే ఫ్రీజ్ ఫ్రేమ్. షెడ్డులో రెండుసార్లూ కోడ్ చూసిన వెంటనే చెరిపేశారు. చెరిపితే ఆ చిత్తరువు కూడా పోతుంది. మా బండి ఒకసారికి ఒక్క ఫ్రేమే దాచుకుంటుంది కనుక, లైటు వచ్చిన ప్రతిసారీ అంకెలన్నీ నోటుబుక్కులో రాసుకుని, ఆ తరువాతే చెరపడం అలవాటు చేసుకున్నాను.

మూడు నెలల్లో పీ0341 ఏడుసార్లు, పీ0016 ఐదుసార్లు వచ్చాయి. పేజీ అడ్డంగా తిప్పి రెండింటినీ పక్కపక్కన రాసేసరికి తేడా కళ్లకు కట్టింది. పీ0341 వచ్చిన ఏడుసార్లూ బండి వేగం గంటకు పన్నెండు కిలోమీటర్ల లోపే ఉంది. ఇంజిను ఒకసారి చల్లగా, మరోసారి 90 డిగ్రీల వేడిలో, మొత్తానికి వేడితో సంబంధం లేకుండా. అంటే ఆగి ఉన్న బండి మొదటి గేరులో కదిలే క్షణం. పీ0016 మాత్రం ఐదుసార్లూ తెల్లవారి మొదటి స్టార్టులోనే, కూలెంట్ 27 నుంచి 31 డిగ్రీల మధ్య, ఇంజిను తిరగడం మొదలై నిమిషం కూడా కాకముందే వచ్చింది. ఒకే జబ్బుకు రెండు లక్షణాలని అందరం అనుకున్నవి నిజానికి రెండు వేర్వేరు జబ్బులు.

మొదటిది తేలికగానే దొరికింది. బండి కదిలేటప్పుడు ఇంజిను తన మౌంట్ల మీద కొద్దిగా ఒరుగుతుంది కనుక, అప్పుడు లాగబడే వైరింగ్‌ను చూడమని మా మెకానిక్‌ను అడిగాను. ఎయిర్ ఫిల్టర్ పెట్టె కింద, ఇనుప బ్రాకెట్ అంచుకు ఆనుకున్నచోట, క్యామ్ సెన్సర్‌కు వెళ్లే మూడు వైర్లలో సిగ్నల్ వైరు తొడుగు గోరు వెడల్పున అరిగి, లోపలి రాగి పోగులు పచ్చగా చిలుం పట్టి, రెండు మూడు పోగుల మీదే వేలాడుతోంది. రెండు అంగుళాల వైరు, కాస్త సోల్డరు, ఒక స్లీవు చాలాయి. 2021 జూన్ నుంచి నేటి వరకు పీ0341 మళ్లీ రాలేదు. తీసేసిన పాత సెన్సర్లు రెండూ డిక్కీలో ఉన్నాయి, బహుశా రెండూ మంచివే.

రెండోదాని దగ్గర ఈ స్కానర్ పరిమితి తెలిసివచ్చింది. మామూలు ఓబీడీ సమాచారంలో క్యామ్ కోణం ఎంత తప్పిందో మా బండి చూపదు. అది తయారీదారు సొంత స్కానర్‌కే తెలుస్తుంది, లేదా విద్యుత్ సంకేతాలను తెర మీద గీసి చూపే ఆసిలోస్కోప్ పెట్టాలి. ఆటోనగర్‌లో రెండు ఛానళ్ల స్కోప్ ఉన్న ఒక ఎలక్ట్రీషియన్ క్రాంక్, క్యామ్ సంకేతాలను ఒకే తెర మీద పెట్టి, అదే ఇంజిను ఉన్న మరో బండి చిత్రంతో పోల్చాడు. మా క్రాంక్ చక్రం మీద అరవై పళ్లకు రెండు లేవు, ఒక్కో పన్ను ఆరు డిగ్రీలు. క్యామ్ సంకేతపు అంచు పన్నున్నర ఆలస్యంగా, అంటే క్రాంక్ లెక్కన తొమ్మిది డిగ్రీలు వెనకబడి పడుతోంది. చైను తన పళ్లచక్రం మీద ఒక పన్ను దాటి ఉంటే ఇరవై డిగ్రీల దాకా తప్పేది. కాబట్టి దాటలేదు, సాగింది. సాగడం అంటే ఇనుము సాగడం కాదు, లింకుల పిన్నులు అరిగి మొత్తం పొడవు పెరగడం. రాత్రంతా నిలిచిన బండిలో చైనును బిగువుగా ఉంచే టెన్షనర్‌లోని ఆయిలు దిగిపోయి, పొద్దున్నే చైను ఇంకాస్త వదులుగా తిరిగేటప్పటికి తేడా ఈసీఎం ఒప్పుకునే హద్దు దాటేది. స్టార్టు చేయగానే రెండు సెకన్లపాటు వినపడిన గరగర శబ్దాన్ని ఏడాదిగా మేము ట్యాపెట్ల చప్పుడనుకున్నాం.

డిసెంబరులో చైను, టెన్షనర్, రెండు గైడ్లు మార్పించాను. కూలితో కలిపి పద్నాలుగు వేలయింది. పాత చైనును, కొత్తదాన్ని ఒకే స్క్రూడ్రైవరుకు వేలాడదీసి చూస్తే పాతది నాలుగైదు మిల్లీమీటర్లు కిందకు దిగింది.

ఇక అడాప్టరు లోపాలు. ఓబీడీ సాకెట్‌లో పదహారో పిన్నుకు తాళం తీసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. మల్టీమీటరుతో కొలిస్తే మాది 45 మిల్లీ ఆంపియర్లు లాగుతోంది, అంటే రోజుకు ఒక ఆంపియర్-అవర్ పైనే. దాన్ని అలాగే వదిలేసి మూడు వారాలు ఊరికి వెళ్లినందుకు 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ చచ్చిపోయి, బండిని తోయించుకోవలసి వచ్చింది. మా బావమరిది ఐఫోన్‌తో ఇది కలవనే కలవలేదు. ఐఫోన్ ఉన్నవాళ్లు వైఫై రకమో, బ్లూటూత్ ఎల్‌ఈ రకమో తీసుకోవాలి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు మా బండిలో దీనికి అందవు. కోడ్ చెరిపే బొమ్మ తెర మీద మరీ చేతికందేలా ఉండడం కూడా నాకు నచ్చదు, ఎందుకంటే మా పెద్దబ్బాయి ఒకసారి నేను రాసుకోకముందే దాన్ని నొక్కేశాడు.

చైను మార్చాక నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. పీ0016 రాలేదు. పోయిన నెల హైదరాబాదు నుంచి వచ్చాక చూస్తే, లైటు వెలగకుండానే, ఇంకా ఖరారు కాని పెండింగ్ కోడ్‌లలో పీ0011 ఒకటి కనిపించింది; కూలెంట్ 93, ఇంజిను వేగం 2,400. క్యామ్ టైమింగ్ అవసరానికి మించి ముందుకు జరిగిందని దాని అర్థం. నోటుబుక్కులో రాశాను. క్యామ్ టైమింగ్‌ను ఆయిలుతో జరిపే ఆయిల్ కంట్రోల్ వాల్వ్ జల్లెడలో మడ్డి పేరుకుందేమో, వచ్చే ఆయిలు మార్పిడి రోజున విప్పించి చూడాలి.