డ్యూయల్ బూట్‌లో హోమ్ పార్టిషనా, ఉమ్మడి డేటా పార్టిషనా: ఏది మేలు?

ఒకే కంప్యూటర్‌లో విండోస్ పక్కన ఉబుంటునో మింట్‌నో (రెండూ లైనక్స్ రకాలే) పెట్టుకునేవాళ్లంతా అడిగే ప్రశ్నే ఇది. లైనక్స్‌లో మన ఫైళ్లూ సెట్టింగులూ ఉండే హోమ్‌కు వేరే పార్టిషన్ (డిస్క్‌లో విడిగా కేటాయించిన భాగం) ఇవ్వాలా, లేక రెండు ఓఎస్‌లూ వాడుకునే ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ సిస్టమ్) పార్టిషన్ ఒకటి ఉంటే చాలా? 512 జీబీ ఎస్‌ఎస్‌డీ అనుకుందాం. విండోస్ లెక్కలో అది 476 జీబీయే.

వేరే హోమ్‌కున్న లాభం ఒక్కటే, కానీ పెద్దది. లైనక్స్ మళ్లీ ఎక్కించేటప్పుడు రూట్‌ను (సిస్టమ్, ప్రోగ్రామ్‌లు ఉండే పార్టిషన్) మాత్రమే ఫార్మాట్ చేస్తే ఫైళ్లూ సెట్టింగులూ పోవు. అయితే రూట్‌కు 30 జీబీ ఇచ్చి ఊరుకుంటే స్నాప్‌లు, ఫ్లాట్‌ప్యాక్‌లు (లైనక్స్ యాప్ ప్యాకేజీలు), డాకర్ ఇమేజీలతో అది ఇట్టే నిండుతుంది. పక్కన హోమ్‌లో వంద జీబీ ఖాళీగా పడున్నా అక్కరకు రాదు.

అసలు తేల్చాల్సింది ఒకటే: ఆ ఫైళ్లు విండోస్‌లోనూ తెరవాలా? లైనక్స్ వాడే ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌ను విండోస్ ఎక్స్‌ప్లోరర్ చదవదు. ఆటల కోసం ఎప్పుడో తప్ప విండోస్ వైపు వెళ్లనివాళ్లకు వేరే హోమే సుఖం. రెండూ రోజూ వాడేవాళ్లకు నా ఓటు ఉమ్మడి పార్టిషన్‌కే: విండోస్‌కు 150, రూట్‌కు 80 (హోమ్ అందులోనే), మిగతా 240 చిల్లర డేటాకు. ఉబుంటు స్వాప్‌కు (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ చోటు) ఒక ఫైలు వాడుకుంటుంది కాబట్టి స్వాప్ పార్టిషన్ అక్కర్లేదు. సీ డ్రైవ్‌ను విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే కుదించండి. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉంటే ముందు రికవరీ కీ రాసిపెట్టుకోండి.

అలాగని హోమ్ మొత్తాన్నీ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకి తోయకండి. లైనక్స్‌లో దాన్ని మామూలుగా మౌంట్ చేస్తే (వాడకానికి తగిలిస్తే) ఫైళ్లన్నిటికీ ఒకే పర్మిషన్ కనబడుతుంది. ప్రైవేట్ కీ అందరికీ తెరిచి ఉందంటూ ఎస్‌ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే సాధనం) మొరాయిస్తుంది. డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్, మ్యూజిక్, వీడియోస్ మాత్రమే అటు పంపండి.

విండోస్‌లో వీటిని తరలించే దారి: ఫోల్డర్ ప్రాపర్టీస్, లొకేషన్, మూవ్. ముందు వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆపాలి. డీ డ్రైవ్‌నే (ఉమ్మడి పార్టిషన్‌నే) నేరుగా చూపిస్తే డ్రైవ్ మొత్తం డాక్యుమెంట్స్ అయి కూర్చుంటుంది, మళ్లీ విడదీయడం పెద్ద తలనొప్పి. అందుకే లోపల ఒక్కోదానికీ ఒక్కో ఫోల్డర్ ముందే చేసుకోవాలి.

లైనక్స్‌లో ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో ఏవి మౌంట్ చేయాలో చెప్పే ఫైలు) యూయూఐడీతో (పార్టిషన్ గుర్తింపు సంఖ్య), నోఫెయిల్ (మౌంట్ కాకపోయినా బూట్ ఆగకుండా) పెట్టి, యూఐడీ 1000తో (మొదటి యూజర్ సంఖ్య) మౌంట్ చేసి, ఒక్కో ఫోల్డర్‌నూ హోమ్‌లోని దానిపై బైండ్ మౌంట్ చేయండి (అంటే అదే ఫోల్డర్ అక్కడా కనబడేలా). యూజర్ డిర్స్ ఫైలులో (ఈ ఫోల్డర్లు ఎక్కడున్నాయో రాసుండే ఫైలు) దారి మార్చడం తేలికే కానీ, ఒకరోజు డేటా మౌంట్ కాకపోతే లాగిన్‌లో ఆ ఫోల్డర్లు కనబడక దారులన్నీ హోమ్‌కే తిరిగిపోతాయి. బైండ్ అయితే ఖాళీ ఫోల్డరైనా అక్కడ ఉంటుంది.

ఎక్కువమంది ఇరుక్కునేది విండోస్‌ను త్వరగా ఆన్ చేసే ఫాస్ట్ స్టార్టప్ దగ్గర. అది ఉండగా షట్‌డౌన్ కొడితే విండోస్ పూర్తిగా ఆగదు. కెర్నల్‌ను (ఓఎస్ మూలభాగం) హైబర్నేట్ చేసి (స్థితిని డిస్క్‌లో దాచి) ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను సగం తెరిచే ఉంచుతుంది. లైనక్స్ దాన్ని చదవనిస్తుంది గానీ రాయనివ్వదు, లేదా అసలు మౌంటే చేయదు. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో ఆ టిక్ తీసేయండి. విండోస్‌కు పెద్ద అప్‌డేట్ వచ్చాక ఒకసారి మళ్లీ చూడండి.

రెండు ఓఎస్‌లూ చదివే మరో ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ఫ్యాట్ సంగతా? దానికి జర్నల్ (మార్పుల చిట్టా) లేదు, పెన్‌డ్రైవ్‌కు సరే. ఇక ఎన్‌టీఎఫ్‌ఎస్ దెబ్బతింటే బాగుచేయాల్సింది విండోస్‌లోని డిస్క్ తనిఖీ సాధనం చెక్‌డిస్కే. లైనక్స్‌లోని ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ చిన్నాచితకా సరిచేసి, మిగతా పనిని విండోస్ తర్వాతి బూట్‌కు వదిలేస్తుంది.