భంజ విహార్‌లో తిరగడానికి ఏ సైకిల్ మంచిది? వాడి చెప్తున్నా

సూటిగా చెప్తున్నా, భంజ విహార్‌లో, అంటే మా బరంపురం యూనివర్సిటీ క్యాంపస్‌లో, పీజీకి చేరి హాస్టల్ నుంచి డిపార్ట్‌మెంట్‌కి, అక్కణ్ణించి లైబ్రరీకి, సాయంత్రం గేటు బయట టీ కొట్టుకి తిరగడానికి సైకిల్ కొనుక్కుందామనుకునేవాళ్లు గేర్ల సైకిల్ జోలికి పోవద్దు, ముందు షాకబ్జార్బర్లున్నది అసలే వద్దు. గేర్లు లేని మామూలు సైకిల్, 26 అంగుళాల చక్రాలు, నిండు మడ్‌గార్డులు, చైన్ మొత్తం మూసేసే కవరు, వెనక క్యారియర్, ముందు బుట్ట, ఇంతే. నేను బడా బజార్‌లో ఒక పాత షాపులో కొన్నది ఇలాంటి లేడీస్ మోడలే, 7,000 పైచిలుకు అయింది, నా మార్కులు 5కి 4. హీరో, హెర్క్యులీస్, బీఎస్ఏ, ఏవన్ అందరి దగ్గరా ఈ రకం దొరుకుతుంది కాబట్టి కంపెనీ పేరు కోసం కొట్టుకోకండి, రకం చూసుకోండి.

ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి వచ్చే జూనియర్లు ముందు అడిగేది "అక్కా, గేర్లు లేకపోతే తొక్కడం కష్టం కదా" అని. ఏం కష్టం లేదు, మనం తిరిగే రోడ్లు దాదాపు చదునే. నా సైకిల్‌కి పెడల్ దగ్గర చక్రానికి 44 పళ్లు, వెనక చక్రం మధ్యలో చైను తిరిగే పళ్ల చక్రానికి (ఫ్రీవీల్) 18, అంటే పెడల్ ఒక్క చుట్టు తిప్పితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరిగి 5 మీటర్లు ముందుకెళ్తుంది, సెకనుకో చుట్టు చొప్పున నింపాదిగా తొక్కినా గంటకి 18 కిలోమీటర్ల స్పీడు వచ్చేస్తుంది. క్యాంపస్‌లో అంతకన్నా స్పీడు దేనికి చెప్పండి. 21 గేర్లు అని స్టిక్కర్ మీద రాస్తారు, అంటే ముందు 3, వెనక 7, వాటిలో ఇక్కడ పనికొచ్చేవి రెండో మూడో. మా రూమ్మేట్‌ది అలాంటిదే, స్టాండులో పక్క సైకిల్ దాని మీద పడి వెనక చక్రం పక్కన కిందకి వేలాడే గేరు ముక్క కాస్త వంగింది, అంతే, అప్పట్నుంచి తొక్కుతుంటే చైను ఒక గేరు మీంచి ఇంకో గేరు మీదకి దానంతటదే దూకేస్తుంది, ఎన్నిసార్లు సెట్ చేయించినా కొన్నాళ్లకి మళ్లీ మామూలే. హాస్టల్ స్టాండులో సైకిళ్లు ఒకదాని మీద ఒకటి పడకుండా ఎక్కడుంటాయి?

ఇక్కడ సైకిల్ కొనేటప్పుడు అన్నిటికన్నా ముందు ఆలోచించాల్సింది ఉప్పు గాలి గురించి. గోపాల్‌పూర్ సముద్రం మనకి ఎంత దగ్గరో తెలుసు కదా, 2013 అక్టోబర్‌లో ఫైలిన్ తుఫాను తీరం దాటింది కూడా ఆ దగ్గర్లోనే. తుఫాను సంగతి వదిలేయండి, రోజూ మధ్యాహ్నం నేల వేడెక్కేసరికి సముద్రం మీంచి వచ్చే మామూలు గాలి చాలు సైకిల్ తినేయడానికి. ఆ గాలిలో ఉప్పు ఇనుము మీద కూర్చుని తేమని పీల్చుకుని పట్టుకుంటుంది, అందుకే ఎండాకాలంలో కూడా చైను మీద ఎర్రటి తుప్పు కనిపిస్తుంది. ఈ ఊళ్లో సైకిల్‌కి బయట కనపడే ముక్కలు, స్ప్రింగులు, కేబుళ్లు ఎంత తక్కువుంటే అంత మంచిది. తక్కువ రేటు సైకిళ్లకి పెట్టే షాకబ్జార్బర్ అంటే లోపల స్ప్రింగే, అది తుప్పు పట్టి బిగుసుకుపోతే ఇక మిగిలేది దాని బరువే, బాగున్నప్పుడు కూడా గట్టిగా తొక్కితే మన బలం కొంత ఆ స్ప్రింగు నొక్కడానికే పోతుంది. నిండు చైన్ కవర్ ఉంటే ఇసుకా వానా చైను మీద నేరుగా పడవు, పైగా మనకి చున్నీ, అబ్బాయిలకి ప్యాంటు అంచు చైన్లో పడే బాధ ఉండదు. ఆడపిల్లలు మాత్రం ఈ కవర్ లేకుండా సైకిల్ కొనొద్దు, చున్నీ చైన్లో చుట్టుకుంటే మనిషి అక్కడికక్కడే పడిపోతుంది, ఇది నేను బతిమాలి చెప్తున్న మాట.

ఒక్క మార్కు తగ్గించింది రిమ్ముల గురించి. నాదానికి మెరిసే స్టీలు రిమ్ములొచ్చాయి, ఎండలో బాగానే ఆగుతుంది గానీ వానలో తడిసిన స్టీలు మీద బ్రేకు రబ్బరు జారుతుంది, ఆగాల్సిన చోటు దాటాక ఆగుతుంది. అల్యూమినియం అల్లాయ్ రిమ్ములైతే తడిలో కూడా బాగా పడుతుంది, ఎర్ర తుప్పు గొడవా లేదు, కొన్ని వందలు ఎక్కువైనా అవే అడగండి. ఉన్నది స్టీలైతే వానలో ముందునుంచే బ్రేకు మెల్లగా నొక్కి పట్టుకుని రిమ్ము మీద నీళ్లు తుడుచుకుపోనివ్వాలి.

చక్రం 26 ఎందుకంటే చిన్న పంక్చర్ షాపులో కూడా ఆ టైరూ ట్యూబూ వేలాడుతూ కనిపిస్తాయి, 27.5, 29 సైజులకి పెద్ద షాపుకి వెళ్లాల్సిందే. ట్యూబు కొనేటప్పుడు బైకుకుండే లాంటి వాల్వు ఉన్నది తీసుకుంటే పెట్రోల్ బంకులో ఉచితంగా గాలి పట్టించుకోవచ్చు, పాత రకం సన్న వాల్వుకి ఆ మిషన్ పట్టదు. గాలి ఎంత పట్టాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది, చూసి చెప్పండి.

ఆన్‌లైన్‌లో కొంటే రేటు తగ్గుతుందని చాలామంది అటే చూస్తారు, నేను మాత్రం షాపే అంటాను. పెట్టెలో వచ్చే సైకిల్‌కి హ్యాండిలూ పెడళ్లూ మనమే బిగించుకోవాలి, ఎడమ పెడల్ మర అందరికీ అలవాటైన దానికి తిరగబడి ఉంటుంది, ఆ సంగతి తెలీక బలవంతంగా తిప్పితే మర అరిగిపోయి పెడల్ బిగించే కడ్డీనే (క్రాంక్) మార్చాల్సొస్తుంది. నేను కొన్న షాపులో పెద్దాయన తెలుగే మాట్లాడేడు, "కూచో అమ్మా, మడమ పెడల్ మీద పెట్టు" అని నా చేత ఎక్కించి, పెడల్ అడుగుకి వచ్చినప్పుడు మడమ ఆనేలా కాలు తిన్నగా చాచేంత ఎత్తుకి సీటు సెట్ చేసేడు, దాంతో మోకాళ్ల నొప్పి అన్న మాటే లేదు. కొన్నాళ్లకి స్పోక్స్ కాస్త వదులైతే డబ్బులు అడక్కుండానే బిగించి ఇచ్చేడు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లు తీసుకుని అది చూసుకోండి.

కొత్తది కొనే స్తోమత లేనివాళ్లు ఫైనలియర్ వాళ్లు హాస్టల్ ఖాళీ చేసేటప్పుడు అడిగి పెట్టుకోండి, మంచివి దొరుకుతాయి. రంగు చూసి మోసపోవద్దు. సైకిల్‌ని పైకెత్తి చక్రం తిప్పి బ్రేకు రబ్బర్ల మధ్య వంకర్లు పోతుందేమో చూడండి, పెడల్ కడ్డీని పట్టుకుని అటూ ఇటూ ఊపండి, కదిలితే లోపల బేరింగులు పోయినట్టే, సీటు కింద గొట్టంలో తుప్పు ఉందేమో సీటు పైకి లాగి మరీ చూడండి, అక్కడ పొరలు పొరలుగా ఊడుతుంటే ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి.