జీతం గంటకి, పని గంటన్నరకి: ట్యూషన్ కంపెనీలో ఏళ్ల తరబడి చేశాక నా సమీక్ష

ట్యూషన్ కంపెనీలో ట్యూటర్‌గా చేరాలా వద్దా అని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే. పిల్లలతో గడిపే ఆ గంటకి వంక పెట్టడానికి ఏమీ లేదు, దానికి ముందూ వెనకా పోయే సమయమే మనిషిని నలిపేస్తుంది, ఆ సమయానికి డబ్బు రాదు. నేను మొదట ఒక కంపెనీ సెంటర్‌లో చెప్పాను, 2020లో చాలామందిలాగే ఆన్‌లైన్‌కి మారాను, ఇప్పటికీ ఆన్‌లైన్‌లోనే చెబుతున్నాను. ఎక్కువగా మ్యాథ్స్, అవసరమైతే ఫిజిక్స్. నేను చేసిన కంపెనీల పేర్లు రాయను. వేరే చోట్ల చేసే స్నేహితులు చెప్పేవీ దాదాపు ఇవే సంగతులు కాబట్టి పేరు తెలిసినా మీకు కొత్తగా ఒరిగేదేమీ లేదు.

ముందు డబ్బు గురించి. ఆఫర్‌లో గంటకి ఇంత అని కనిపించే అంకెని చూసి నెలకి ఎంతొస్తుందో గుణించేసుకోకండి. 60 నిమిషాల క్లాసుకి ముందు, ఆ స్టూడెంట్ స్కూల్లో ఏ చాప్టర్ నడుస్తోందో చూసుకుని లెక్కలు ఎంచుకోవడానికి 20 నిమిషాలు పడుతుంది. క్లాసయ్యాక సెషన్ రిపోర్టు నింపడానికి 10, పేరెంట్ మెసేజ్‌కి జవాబివ్వడానికి ఇంకో 5. మొత్తం 95 నిమిషాలు. అంటే చెప్పిన రేటులో చేతికి నిజంగా పడేది సుమారు 63 శాతం. ఒకే చాప్టర్‌ని నలుగురికి చెబుతుంటే ప్రిపరేషన్ తగ్గే మాట నిజమే, కానీ ఒక్కొక్కరిదీ ఒక్కో సిలబస్ అయితే తగ్గదు, ఆన్‌లైన్‌లో ఎక్కువగా అలాగే ఉంటుంది. ఇందులో ట్రైనింగ్ వీడియోలు, నెలవారీ మీటింగులు, స్టూడెంట్ రాక ఖాళీగా కూర్చున్న సమయం నేను కలపలేదు.

ఆ ఖాళీ గురించి విడిగా చెప్పాలి. పిల్లలు స్కూలు నుంచి వచ్చాకే ట్యూషన్, కాబట్టి సాయంత్రాలూ సెలవు రోజులే మన పని వేళలు, ఇంట్లో వాళ్లందరూ తీరిగ్గా ఉన్నప్పుడే మనం హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంటాం. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో ట్యూషన్ సెంటర్లు రాత్రి 10 దాటాక నడపకూడదని నిబంధన పెట్టాల్సి వచ్చిందంటే ఈ రంగాన్ని వదిలేస్తే ఎంత రాత్రి దాకా సాగుతుందో ఊహించుకోవచ్చు. పోనీ ఆ సాయంత్రాలైనా వరసగా నిండుతాయా అంటే అదీ లేదు. ఐదింటికొక క్లాసు, ఏడున్నరకి ఇంకొకటి, మధ్యలో ఎక్కడికీ వెళ్లలేం, ఆ మధ్య సమయానికి డబ్బూ రాదు. పరీక్షల ముందు ఊపిరి సలపనన్ని క్లాసులు, పరీక్షలు కాగానే ఒక్కసారిగా ఏమీ ఉండదు. ఆ ఖాళీ నెలల కోసం ముందే దాచుకోకపోతే చాలా టెన్షన్ పడాలి.

క్యాన్సిలేషన్ రూలు చదవకుండా మాత్రం సంతకం పెట్టకండి. నా మొదటి కంపెనీలో స్టూడెంట్ చెప్పకుండా మానేస్తే ఆ క్లాసు డబ్బు కంపెనీ ఉంచుకునేది, ట్యూటర్‌కి ఇచ్చేది కాదు. అదే ట్యూటర్ జ్వరం వచ్చి చివరి నిమిషంలో రద్దు చేస్తే పెనాల్టీ. దీని మీద నేను చాలాసార్లు మెయిల్ పెట్టాను, ప్రతిసారీ పాలసీ అనే జవాబే వచ్చింది. ఇప్పుడున్న చోట నో-షోకి సగం ఇస్తారు, ఈ ఒక్క తేడాతోనే నెలాఖరులో చేతికొచ్చేది బాగా మారింది.

ఇంత చెప్పాక మరి ఇంకా ఎందుకు చేస్తున్నావంటే, క్లాసు కోసం. ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి గురించి చెబుతాను. మ్యాథ్స్‌లో వీక్ అని ఇంట్లోనూ స్కూల్లోనూ ముద్ర పడిపోయిన పిల్ల, ఫార్ములాలన్నీ నోటికి వచ్చు, మార్కులు మాత్రం రావు. తను లెక్క చేస్తుంటే ఏమీ మాట్లాడకుండా చూస్తూ కూర్చున్నాను. 7 - (x - 3) అని ఉన్నచోట బ్రాకెట్ తీసేసి 7 - x - 3 అని రాసింది. తర్వాతి లెక్కలోనూ అదే, దాని తర్వాత కూడా అదే. క్లాసులో నలభై మంది పేపర్లు దిద్దే టీచర్‌కి చివరి జవాబు తప్పని కనిపిస్తుంది కానీ చెయ్యి ఎక్కడ జారుతోందో చూసే వీలుండదు. రూలు చెప్పేస్తే ఆ రోజుకి గుర్తుంటుంది, అందుకని చెప్పకుండా x బదులు 5 పెట్టి రెండూ చేసి చూడమన్నాను. పైదానికి 5 వచ్చింది, తను రాసినదానికి -1. కాసేపు స్క్రీన్ వైపే చూసి, "మేడమ్, రెండూ ఒకటే రావాలి కదా?" అంది. అవును, మరి ఎందుకు రాలేదంటావు అన్నాను. అక్కడి నుంచి తనే వెతుక్కుంది, లోపలున్న మైనస్ 3ని కూడా తీసేయాలి కాబట్టి అది ప్లస్ అవుతుందని తన మాటల్లో నాకు వివరించింది. ఆ తర్వాత అనుమానం వచ్చినప్పుడల్లా తనే ఒక అంకె పెట్టి సరిచూసుకునేది. ఇలాంటివి చూడటానికి ఒక్కరితో ఒక్కరం కూర్చోవాలి, వేరే దారి నాకు కనిపించలేదు.

కంపెనీలకీ ఈ సంగతి తెలుసు. అందుకే దాదాపు ప్రతి ట్రైనింగ్‌లోనూ ఒక స్లైడ్ కనిపిస్తుంది: 1984లో బెంజమిన్ బ్లూమ్ అనే అమెరికన్ విద్యా పరిశోధకుడు రాసిన వ్యాసం, ట్యూటర్ దగ్గర నేర్చుకున్న సగటు విద్యార్థి మామూలు క్లాసులో చదివిన వాళ్లలో 98 శాతం మందిని దాటేశాడని. సేల్స్ వాళ్లు పేరెంట్స్‌కి ఇదే చూపిస్తారు. స్లైడ్‌లో లేనిదేంటంటే, బ్లూమ్ చెప్పిన ట్యూషన్‌లో ఒక భాగం పూర్తిగా వచ్చిందని పరీక్షించి, రాకపోతే సరిదిద్ది, అప్పుడే ముందుకి వెళ్లే పద్ధతి కూడా కలిసి ఉంది. తర్వాత 2011లో కర్ట్ వాన్‌లేన్ అనే పరిశోధకుడు చాలా అధ్యయనాలు కలిపి చూస్తే మనిషి చెప్పే ట్యూషన్ ప్రభావం 0.79 స్టాండర్డ్ డీవియేషన్ (మార్కులు సగటు నుంచి ఎంత అటూ ఇటూ ఉంటాయో చెప్పే కొలత) దగ్గర తేలింది. బ్లూమ్ చెప్పిన ఆ 98 శాతం అదే కొలతలో 2, దాంతో పోలిస్తే ఇది సగం కూడా కాదు. అయినా అది చిన్న లాభం కాదు, నాకు దాని మీద గట్టి నమ్మకముంది. కానీ 98 శాతం అని చెప్పి ప్యాకేజీ అమ్మిన కంపెనీయే, ఆ అమ్మాయితో ఒక్క బ్రాకెట్ మీద క్లాసంతా గడిపినందుకు సిలబస్ ప్లాన్‌లో వెనకబడ్డారని నాకు రెడ్ మార్క్ పెడితే కోపం రాదా? చాలా వచ్చింది, ఇప్పటికీ వస్తుంది.

డెమో క్లాసులు నాకు అసలు నచ్చని భాగం. ఉచితంగానో అరకొర డబ్బుకో చేయిస్తారు, ఎంతమంది చేరారన్నది మన ఖాతాలో లెక్కేస్తారు. స్టూడెంట్‌కి తేలిగ్గా వచ్చేసే లెక్క ఎంచుకుని, వాడు చకచకా చేసేస్తుంటే పేరెంట్ ముఖం వెలిగేలా చూడమని మాకు చెప్పేవాళ్లు. నేను అలా చేయలేదు, వాడికి నిజంగా ఇబ్బందిగా ఉన్నదాన్నే అడిగి తీసుకునేదాన్ని. కొందరు పేరెంట్స్ చేరలేదు, చేరినవాళ్లు మాత్రం ఎక్కువకాలం ఉన్నారు. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. కౌన్సెలర్ ఫోన్‌లో మూడు నెలల్లో మార్కులు రెట్టింపవుతాయని ఒప్పేసుకుని ఉంటారు, ఆ మాట మనకి తెలియదు, మూడో నెలలో పేరెంట్ నిలదీసేది మనల్ని. అందుకే నేను మొదటి క్లాసుకి ముందే పేరెంట్‌ని, "మీకు ఏం చెప్పారండీ, దేనికోసం చేర్పించారు?" అని సూటిగా అడిగి, నేను చేయగలిగేది, చేయలేనిది రాతపూర్వకంగా పంపేస్తాను. ఇది సేల్స్ వాళ్లకి నచ్చదు, నచ్చకపోయినా మానను.

పేరెంట్స్‌లో ఎక్కువమంది మంచివాళ్లే, భయంతో ఉన్నవాళ్లు. కెమెరాకి కనపడకుండా పక్కన కూర్చుని "చెప్పు, నిన్ననే చదివావు కదా" అని గుసగుసలాడే నాన్నలు చాలామంది తగిలారు. ఆ గుసగుస వినపడగానే పిల్లాడు ఆలోచించడం మానేసి జవాబు అందిస్తారని ఎదురుచూస్తాడు. మొదటి నలభై నిమిషాలు మమ్మల్ని ఇద్దరినే వదిలేయండి, చివర్లో మిమ్మల్ని పిలిచి వాడి చేతే వివరింపజేస్తాను అంటే దాదాపు అందరూ ఒప్పుకున్నారు.

రేటింగ్ సంగతి కూడా అడిగి తెలుసుకోండి. చాలా ప్లాట్‌ఫామ్‌లలో క్లాసయ్యాక స్టూడెంట్ స్టార్లు ఇస్తాడు, అవి తగ్గితే కొత్త స్టూడెంట్స్‌ని మనకి పంపడం తగ్గుతుంది. రేపు సబ్మిట్ చేయాల్సిన అసైన్‌మెంట్ మీరే చేసిపెట్టండి అని అడిగిన స్టూడెంట్‌కి కుదరదంటే ఒక్క స్టార్ పడుతుంది. అలాంటప్పుడు సపోర్ట్ టీంకి క్లాసు రికార్డింగ్ చూసి ఆ రేటింగ్ తీసేసే అధికారం ఉందా, లేదా? ఇంటర్వ్యూలోనే అడగాల్సిన ప్రశ్న ఇది.

కంపెనీ వల్ల మేలు లేదని అనను. స్టూడెంట్స్‌ని వెతుక్కోనక్కర్లేదు, ఫీజు కోసం ఎవరి వెంటా పడక్కర్లేదు, అది నిజంగా పెద్ద బరువు తగ్గడమే. చదువు ఇప్పుడే అయిపోయి పాఠం చెప్పడం తమకి పడుతుందో లేదో చూసుకోవాలనుకునేవాళ్లకి ఇంత త్వరగా ఇన్ని రకాల పిల్లలు ఇంకెక్కడా దొరకరు. ఇల్లంతా ఈ ఒక్క ఆదాయం మీదే నడవాలంటే మాత్రం నేను వద్దంటాను. ఎందుకంటే ఈ కంపెనీలు చాలావరకు పేరెంట్స్ ముందుగా కట్టిన ప్యాకేజీ డబ్బు మీద నడుస్తాయి, ఏదైనా తేడా వస్తే ముందు ఆగేది ట్యూటర్ల చెల్లింపే. ప్రభుత్వాలు కూడా రాత్రికి రాత్రి నిర్ణయం మార్చగలవు. 2021 జూలైలో చైనా స్కూలు సబ్జెక్టుల్లో లాభాపేక్షతో నడిచే ట్యూషన్లకి అడ్డుకట్ట వేస్తే అక్కడి న్యూ ఓరియంటల్ అనే ఒక్క ట్యూషన్ కంపెనీయే 60,000 మందిని తీసేసింది.

ఇక కాంట్రాక్ట్‌లో మూడు విషయాలు వేలు పెట్టి చదవండి. మానేశాక ఎంతకాలం దాకా కంపెనీ స్టూడెంట్స్‌కి సొంతంగా చెప్పకూడదన్నది ఒకటి. చివరి నెల డబ్బు ఎప్పుడిస్తారన్నది రెండోది, నోటీసు పీరియడ్ పూర్తిచేసినా నా స్నేహితురాలికి అది చేతికి రావడానికి నెలల తరబడి ఫోన్లు చేయాల్సి వచ్చింది. మూడోది మీరు తయారుచేసుకున్న వర్క్‌షీట్లు ఎవరివవుతాయన్నది. వాళ్ల ప్లాట్‌ఫామ్‌లో అప్‌లోడ్ చేసినవన్నీ కంపెనీవే అని చాలాచోట్ల రాసి ఉంటుంది, కాబట్టి మీ సొంతవి మీ దగ్గరే ఉంచుకుని క్లాసులో స్క్రీన్ షేర్ చేసి చూపించండి. నేను ప్రస్తుతం డెమోలు పూర్తిగా మానేసి, వరసగా ఉండే స్లాట్లు మాత్రమే తెరిచి, పాత స్టూడెంట్స్‌తోనే కొనసాగుతున్నాను. ఆదాయం కాస్త తగ్గింది, క్లాసుకి క్లాసుకి మధ్య ఖాళీగా కూర్చోవడం తప్పింది.