కుక్కపిలుపు విని వెళ్లి యుద్ధంలో చిక్కుకున్నాను: ఫౌండర్స్ ఆన్‌లైన్ రివ్యూ

డబ్బు తగలేసిన సంగతి ముందు చెప్పేస్తాను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలం నాటి సేనానుల ఉత్తరాలంటూ గట్టి అట్టతో, బంగారు అక్షరాలతో వచ్చిన ఒక సంకలనం ముచ్చటపడి కొన్నాను. పబ్లిషర్ పేరు వద్దులెండి. అందులో ప్రతి ఉత్తరానికీ తలా తోకా కోసేశారు. పైన సంబోధన లేదు, కింద సంతకం ముందు రాసే మర్యాదలు లేవు, అసలు అది ఏ ఉత్తరానికి జవాబో కూడా లేదు. గంభీరంగా ఉన్న నాలుగు వాక్యాలు ఏరి, చుట్టూ పువ్వుల అంచు వేశారు. సగం చదివి పక్కన పడేశాను. ఆ కోసేసిన తలా తోకల్లోనే సగం యుద్ధం ఉందని నాకు తెలిసింది ఫౌండర్స్ ఆన్‌లైన్ సైట్ చూశాకే.

అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ వాళ్లు వర్జీనియా యూనివర్సిటీ ప్రెస్‌తో కలిసి 2013లో పెట్టిన సైట్ ఇది. పూర్తిగా ఉచితం, లాగిన్ కూడా అక్కర్లేదు. అమెరికా దేశానికి పునాది వేసిన వాషింగ్టన్, ఫ్రాంక్లిన్, ఆడమ్స్, జెఫర్సన్, హామిల్టన్, మాడిసన్, ఆ తర్వాత చేర్చిన జాన్ జే, వీళ్లు రాసినవీ వీళ్లకి వచ్చినవీ కలిపి 1,80,000కి పైగా పత్రాలు. అన్నీ చదవడం ఎవరి తరమూ కాదు. నేను చదివింది వాషింగ్టన్ అమెరికా సేనాధిపతిగా ఉన్న యుద్ధకాలపు ఉత్తరాలే, కాబట్టి ఈ రివ్యూ కూడా వాటి గురించే.

మొదట వెతికింది కుక్క ఉత్తరం. 1777 అక్టోబరు 4న జర్మన్‌టౌన్ దగ్గర వాషింగ్టన్ సైన్యం ఓడిపోయింది. రెండు రోజుల తర్వాత, అక్టోబరు 6న, బ్రిటిష్ సేనాని విలియం హోవ్‌కి ఆయన దగ్గర్నుంచి రెండు వాక్యాలైనా లేని చీటీ ఒకటి వెళ్లింది: అనుకోకుండా ఒక కుక్క మా చేతికి చిక్కింది, మెడపట్టీ మీద రాసినదాన్ని బట్టి అది మీదే అనిపిస్తోంది, తిరిగి పంపుతున్నాం. అంతే. ఓడిన మనిషి గెలిచినవాడికి కుక్కని సాగనంపుతున్నాడు, అదీ నమస్కారాలతో! ఇంత వరకూ చాలామంది ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. సైట్‌లో అదనంగా దొరికేది కింద ఉండే నోట్. ఆ చిత్తుప్రతి అలెగ్జాండర్ హామిల్టన్ చేతిరాతలో ఉందని అది చెబుతుంది. అంటే పేరు వాషింగ్టన్‌ది, కలం ఇరవైల్లో ఉన్న సహాయక అధికారిది. ఇక అక్కణ్నుంచి నాకు ప్రతి ఉత్తరం కిందా "ఇది ఎవరి చేతిరాత?" అని చూడటం అలవాటైపోయింది. హారిసన్, టిల్గ్‌మన్, లారెన్స్, ఇలా ఒక ఆఫీసు ఆఫీసే ఆ సంతకం వెనక కూర్చుని ఉంది.

ఇక తలల సంగతి. 1775 ఆగస్టులో వాషింగ్టన్ బోస్టన్‌లో ఉన్న బ్రిటిష్ సేనాని గేజ్‌కి రాస్తాడు, మీ దగ్గర బందీలుగా ఉన్న మా అధికారుల్ని మామూలు జైలు ఖైదీల్లా చూస్తున్నారు, వాళ్ల హోదా చూడరా అని. గేజ్ జవాబు చదువుతుంటే ఒళ్లు మండుతుంది: చట్టప్రకారం ఉరితాడుకి వెళ్లాల్సినవాళ్లని మేం బాగానే చూసుకుంటున్నాం, హోదా అంటారా, రాజు ఇవ్వని హోదా ఏదీ నేను గుర్తించను. పైన సంబోధనలో కూడా జనరల్ లేదు, జార్జ్ వాషింగ్టన్ ఎస్క్వైర్ అని మాత్రమే. ఎస్క్వైర్ అంటే ఊళ్లో పెద్దమనిషి, అంతకుమించి ఏమీ కాదు. దానికి వాషింగ్టన్ ఇచ్చిన జవాబు, స్వేచ్ఛగా ఉన్న ప్రజలు ఎన్నుకుని ఇచ్చిన హోదా కంటే గొప్పది నేను ఊహించలేను, అధికారానికి అసలు ఊట అదే అన్న మాట, విడిగా చదివితే ఉపన్యాసంలా ఉంటుంది. గేజ్ ఉత్తరం చదివిన వెంటనే చదవండి, చెంప మీద కొట్టినట్టు ఉంటుంది. నేను కొన్న పుస్తకంలో ఈ జవాబు ఉంది, గేజ్ లేడు.

మరుసటి ఏడాది జులైలో న్యూయార్క్ దగ్గర మళ్లీ అదే గొడవ. విలియం హోవ్‌కి అన్నయ్య, బ్రిటిష్ నౌకాదళపు అడ్మిరల్ హోవ్ పంపిన కవరు మీద ఎస్క్వైర్ అని ఉంటే, అలాంటి పేరుతో మా సైన్యంలో ఎవరూ లేరని వాషింగ్టన్ మనుషులు తీసుకోకుండానే తిప్పి పంపేశారు. తర్వాత పేరు చివర ఎట్‌సెట్రా, ఎట్‌సెట్రా అని తగిలించి పంపారు. చివరికి జులై 20న ప్యాటర్సన్ అనే అధికారి స్వయంగా వచ్చి, ఆ ఎట్‌సెట్రాల్లో మీకు రావాల్సిన బిరుదులన్నీ ఉన్నట్టే కదా అంటాడు. అన్నీ ఉండొచ్చు, ఏదైనా కూడా ఉండొచ్చు అని ఈయన. ఆ భేటీ వివరాలు రాసుకున్న పత్రం కూడా సైట్‌లో ఉంది, వదలకండి. నాకైతే ఉత్తరాలన్నిటికంటే అదే నచ్చింది.

శత్రువులతో మర్యాద ఇలా ఉంటే సొంతవాళ్లతో ఇంకో రకం. కాన్వే అనే అధికారి గేట్స్‌కి (గేజ్ కాదు, ఈయన అమెరికా సేనానే) రాసిన ఉత్తరంలో వాషింగ్టన్‌ని బలహీనుడైన సేనాని అన్నాడట. గేట్స్ సహాయకుడు విల్కిన్సన్ దారిలో నోరు జారాడు, ఆ మాట తిరిగి తిరిగి వాషింగ్టన్ చెవిన పడింది. 1777 నవంబరులో ఆయన కాన్వేకి రాసింది ఒక్క ముక్క: నిన్న రాత్రి నాకొచ్చిన ఉత్తరంలో ఈ వాక్యం ఉంది, అని ఆ వాక్యం ఎత్తి రాసి, కింద మీ విధేయ సేవకుడు అని సంతకం. కోపం లేదు, ప్రశ్న లేదు. అవతలివాళ్లకి అసలు టెన్షన్ అక్కడే మొదలైంది. గేట్స్ కంగారుపడి, నా కాగితాలు ఎవరో దొంగచాటుగా కాపీ చేశారని వాషింగ్టన్‌కి రాసి, దాని నకలు కాంగ్రెస్‌కి, అంటే తిరగబడ్డ వలసల ప్రతినిధుల సభకి, కూడా పంపాడు. సరే, మీరు కాంగ్రెస్‌కి చూపించారు కాబట్టి నా జవాబూ కాంగ్రెస్ చేతి మీదుగానే వస్తుందని 1778 జనవరిలో వాషింగ్టన్, ఆ సమాచారం బయటపెట్టింది మీ సహాయకుడేనండీ అని తేల్చేశాడు. ఈ మొత్తం తంతు ఒకదాని తర్వాత ఒకటి చదువుతుంటే నవ్వాలో భయపడాలో తెలియదు, ఎందుకంటే ఇదే రోజుల్లో వ్యాలీ ఫోర్జ్ అనే చలికాలపు శిబిరం నుంచి అదే మనిషి కాంగ్రెస్ అధ్యక్షుడు హెన్రీ లారెన్స్‌కి (పైన చెప్పిన సహాయకుడు లారెన్స్ వేరు), కాళ్లకి చెప్పుల్లేక, ఒంటి మీద బట్టల్లేక 2,898 మంది పనికిరాకుండా ఉన్నారని రాస్తున్నాడు. డిసెంబరు 23 నాటి ఉత్తరం అది.

వాడటం గురించి కొంచెం. రాసినవాళ్ల పేరు, అందుకున్నవాళ్ల పేరు, కాలం పెట్టి వెతకొచ్చు. మాటతో వెతికే ముందు ఈ మూడూ పెట్టుకోండి, లేకపోతే ఫలితాల వరదలో కొట్టుకుపోతారు. పాత స్పెల్లింగులు ఉన్నవి ఉన్నట్టే ఉంచారు, ఇంగ్లీషు కూడా పాతకాలపుదే, మొదటి పది ఉత్తరాలు నత్తనడకే. ఎర్లీ యాక్సెస్ అని గుర్తున్నవాటికి ఇంకా పూర్తి సవరణ, నోట్సు ఉండవు, వాటిని ఎత్తి రాసుకునేటప్పుడు జాగ్రత్త. అసలు కాగితాల ఫొటోలు ఇందులో లేవు, అక్షరాలే. వాషింగ్టన్ చేతిరాత చూడాలనుకుంటే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌కి వెళ్లాలి. ఇంకోటి, బ్రిటిష్ సేనానులు తమలో తాము రాసుకున్నవి ఇక్కడ ఆశించకండి. యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన మర్నాడు కార్న్‌వాలిస్ తన పైవాడు క్లింటన్‌కి రాసుకున్న ఉత్తరం కోసం వేరే దారి చూసుకోవాల్సిందే.

అయిదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు ఫొటోలు లేనందుకు. ఎక్కడ మొదలుపెట్టాలంటే, చివర్నుంచి మొదలుపెట్టండి: 1781 అక్టోబరు 17న కార్న్‌వాలిస్ ఇరవై నాలుగు గంటలు కాల్పులు ఆపమని అడిగిన నాలుగు ముక్కలు, అదే రోజు రెండు గంటలే ఇస్తానన్న వాషింగ్టన్ జవాబు. రెండూ కలిపి చదవడానికి అయిదు నిమిషాలు పట్టదు.