మోడిఫై చేసిన కాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో నాకింగ్: మూడేళ్లు, 24 వేల కిలోమీటర్లు

బండి పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350. పాయింట్ల (ప్లగ్‌కు నిప్పు రవ్వ పుట్టించడానికి కరెంటును తెంచే కాంటాక్టుల) మోడల్, కుడికాలి గేరు. దానికి చేయించినవి నాలుగు: బోరు 70 నుంచి 71 మి.మీ.కి పెంచి ఓవర్‌సైజ్ పిస్టన్, లేత్ మీద బ్యారెల్ ఎత్తు 1 మి.మీ. తగ్గింపు, డబ్బా లేని కోన్ ఎయిర్ ఫిల్టర్, పొగకు అడ్డు తక్కువుండే ఫ్రీ ఫ్లో సైలెన్సర్. పికప్‌కు వంక పెట్టేది లేదు. తలనొప్పల్లా నాకింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోల్ మిశ్రమం అదుపు తప్పి దానంతటదే భగ్గుమనడం. ఇంజిన్ బాగా కాగాక, వెనకాల ఒకరిని కూర్చోబెట్టుకుని నాలుగో గేర్‌లో 40 స్పీడు మీద కాజీపేట వైపు ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కిస్తూ యాక్సిలరేటర్ తిప్పితే, రేకు డబ్బాలో శనగలు పోసి ఊపినట్టు గలగల.

ముందు అది నాకింగేనా అని తేల్చుకోవాలి. బుల్లెట్ ఎలాగూ పది రకాల చప్పుళ్లు చేస్తుంది. వాల్వులను కదిలించే టాపెట్ల టిక్‌టిక్ ఐడ్లింగ్‌లోనూ ఉంటుంది. పిస్టన్ లూజుగా ఉంటే చల్లగా స్టార్ట్ చేసినప్పుడు టకటకలాడి, కాగాక తగ్గుతుంది. నాకింగ్ దీనికి తిరగేసినట్టు ఉంటుంది. వేడి మీద, లోడ్ మీద వస్తుంది, యాక్సిలరేటర్ వదిలిన మరుక్షణం ఆగుతుంది. ఇంకా అనుమానంగా ఉంటే ట్యాంకు దాదాపు ఖాళీ చేసి ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం) ఎక్కువున్న ప్రీమియం పెట్రోల్ మూడు లీటర్లు పోసి అదే బ్రిడ్జి ఎక్కించండి. చప్పుడు పోతే నాకింగే. ఆ పెట్రోల్‌ను మందు అనుకోవద్దు, అది పరీక్ష మాత్రమే. ఫ్యాక్టరీ లెక్కన ఈ ఇంజిన్ కంప్రెషన్ నిష్పత్తి (మిశ్రమాన్ని ఎన్నో వంతుకు నొక్కుతుందనే లెక్క) 7.25. దానికి 91 ఆక్టేన్ ధారాళంగా చాలు.

ఎక్కువ సార్లు దొంగ దొరికేది టైమింగ్‌లోనే, అంటే ప్లగ్ నిప్పు రవ్వ వేసే వేళలోనే. "జర ముంగటికి పెడ్తే పికప్ వస్తది" అని చెవితో విని పాయింట్ల ప్లేటు తిప్పే అలవాటు ఇక్కడ బాగా ఉంది. పికప్ వస్తుంది నిజమే, దాంతోపాటు ఇదీ వస్తుంది. టైమింగ్ ముట్టుకునే ముందు పాయింట్ల గ్యాప్ 0.35-0.40 మి.మీ. మధ్య ఫీలర్ గేజ్‌తో పెట్టాలి. గ్యాప్ పెరిగితే పాయింట్లు తొందరగా తెరుచుకుని టైమింగ్ అదే ముందుకు పోతుంది కాబట్టి ఈ వరుస తిరగేయకూడదు. తర్వాత ప్లగ్ తీసి, నాలుగో గేర్‌లో వెనక చక్రం మెల్లగా ముందుకు తిప్పుతూ, వాల్వులను తెరిచే రెండు పుష్‌రాడ్లూ వేళ్లకు వదులుగా తగిలే కంప్రెషన్ స్ట్రోక్‌కు తేవాలి. ఇగ్నిషన్ ఆన్ చేసి అమ్మీటర్ చూడండి. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపు ముల్లు మైనస్ వైపు వాలి ఉంటుంది. తెరుచుకున్న క్షణంలో సున్నాకు ఎగిరి వస్తుంది. ఆ క్షణానికి పిస్టన్ తాను ఎక్కగల పై కొసకు 0.8 మి.మీ. కింద ఉండాలి. కంప్రెషన్ పెంచిన ఈ బండికి 0.4 దగ్గర సరిపడింది. ప్లగ్ రంధ్రం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి పుల్ల పెట్టి కొలిచింది సుమారు లెక్కే. అలాగని అతిగా వెనక్కి పెడితే సైలెన్సర్ బెండు నీలంగా మారుతుంది, ఇంజిన్ ఇంకా కాగుతుంది.

పాయింట్ల ప్లేటు కింద, ఇంజిన్ స్పీడు పెరిగేకొద్దీ టైమింగ్‌ను ముందుకు జరిపే ఆటో అడ్వాన్స్ బరువులు, వాటికి చిన్న స్ప్రింగులు ఉంటాయి. పాయింట్లను తెరిచే కామ్‌ను వేళ్లతో తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. ఈ బండిలో సోమరిగా వచ్చేది. స్ప్రింగులు సాగిపోయి తక్కువ స్పీడులోనే అడ్వాన్స్ మొత్తం వచ్చేస్తోందన్నమాట. జత మార్చితే బ్రిడ్జి మీది గలగల సగం పోయింది. మిగతావన్నీ వదిలేసినా ఈ ఒక్కటి చూడండి.

తర్వాతిది గాలి, పెట్రోల్ మిశ్రమం. కోన్ ఫిల్టర్‌తో గాలి ఎక్కువైంది, కార్బ్యురేటర్‌లో పెట్రోల్ కొలిచి వదిలే జెట్ మాత్రం పాతదే. పైగా బంకుల్లో ఇప్పుడు ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ ఆక్టేన్‌ను పెంచే మాట నిజమే, కానీ మామూలు పెట్రోల్ కిలోకు 14.7 కిలోల గాలి కావాల్సిన చోట ఇ20కి దాదాపు 13.5 చాలు. కార్బ్యురేటర్‌కు ఆ సంగతి తెలియదు కదా, పాత లెక్కనే పోస్తుంది. మిశ్రమం పలచబడి ఇంజిన్ మాడుతుంది. కొత్త ప్లగ్ బిగించి, మడికొండ దాటాక ఖాళీ రోడ్డు మీద లోడుతో నాలుగు కిలోమీటర్లు తోలి, క్లచ్ పట్టి ఇగ్నిషన్ కట్ చేసి ఆపి, ప్లగ్ విప్పి చూడండి. పింగాణీ సున్నంలా తెల్లగా ఉండి, దాని మీద వెండి పొడిలాంటి చుక్కలు కనిపిస్తే అది పిస్టన్ అల్యూమినియం. ఇక ఆ రోజు బండి తోలొద్దు. మెయిన్ జెట్ ఒక్కో సైజు పెంచుకుంటూ, పెట్రోల్ ఇంకాస్త పారేలా కార్బ్యురేటర్ నీడిల్ క్లిప్ ఒక గాడి కిందికి దించితే ప్లగ్ బిస్కెట్ రంగుకు వచ్చింది. ఉన్నట్టుండి ఒక రోజు నాకింగ్ మొదలైతే మాత్రం జెట్ సైజు మార్చే పనికి పోకుండా, కార్బ్యురేటర్ అడుగున పెట్రోల్ నిలిచే ఫ్లోట్ బౌల్ విప్పండి. ట్యాంకు తుప్పో, ఇథనాల్‌కు చీకిన రబ్బరు ముక్కో జెట్‌లో అడ్డం పడి ఉంటుంది.

ప్లగ్ ఒక మెట్టు చల్లటిది (వేడిని తొందరగా వదిలేది) వేయొచ్చు. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లటిది, బాష్‌లో తగ్గితే చల్లటిది. ఇది తెలియక తిరగేసి కొనేవాళ్లున్నారు.

కంప్రెషన్ లెక్క వేసుకుంటే కథ తేలిపోతుంది. 346 సీసీ, 7.25 అంటే పైన మిగిలే ఖాళీ దాదాపు 55 సీసీ. బ్యారెల్ 1 మి.మీ. తగ్గిస్తే అందులో 4 సీసీ పోయింది. బోరు పెరిగి ఇంజిన్ 356 సీసీ అయింది. రెండూ కలిసి నిష్పత్తి 7.9. దీనికి పిస్టన్ మీద కార్బన్ పొర తోడైతే ఇంకా పైకి పోతుంది. ఆ కార్బన్‌ను కిరోసిన్‌లో నానబెట్టి ఇత్తడి బ్రష్‌తో తీయాలి, స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు. చివరికి బ్యారెల్ కింద 1 మి.మీ. అల్యూమినియం ప్లేటు వేయించి, టాపెట్లు మళ్లీ సెట్ చేయించాల్సి వచ్చింది. కోయించిన డబ్బులు, ప్లేటు డబ్బులు రెండూ దండగ.

గాలితో చల్లబడే ఇంజిన్‌కు సిలిండర్ చుట్టూ ఉండే ఫిన్లే (రెక్కలే) ప్రాణం. వానాకాలం పత్తి చేల దారుల్లో తిరిగితే నల్లరేగడి ఫిన్ల సందుల్లో చేరి, వేడికి ఇటుకలా కాలుతుంది. నీళ్లు కొడితే పోదు, వెదురు పుల్లతో ఒక్కో సందూ గీకాలి. కోన్ ఫిల్టర్‌కు దుమ్ము పెద్ద గండం. మేడారం జాతర రోజుల్లో తాడ్వాయి దారిన ఒక్కసారి పోయివస్తే చాలు, గుడ్డ ఎర్రబడుతుంది. అది తీసేసి పాత ఫిల్టర్ డబ్బా పెట్టాక, జెట్ ఒక సైజు దించాక, బండి శాంతించింది.

ఇప్పుడున్నవి 71 పిస్టన్, ఫ్రీ ఫ్లో సైలెన్సర్, 0.4 టైమింగ్. పాయింట్ల మడమ అరిగి గ్యాప్ తగ్గుతుంది కాబట్టి మూడు వేల కిలోమీటర్లకోసారి ఫీలర్ గేజ్ తప్పదు. మైలేజీ 38 నుంచి 34కు పడింది. మే నెల మధ్యాహ్నం ఇద్దరితో నాలుగో గేర్‌లో బ్రిడ్జి ఎక్కిస్తే ఇప్పటికీ రెండు మూడు సార్లు గలగలమంటుంది. మూడో గేర్ వేస్తే మానేస్తుంది.