నాటకమా, సినిమానా: రెండు భాషలు వచ్చిన నెల్లూరు నటికి

తెలుగు, తమిళం రెండూ ధారాళంగా మాట్లాడగల నెల్లూరు, సూళ్లూరుపేట అమ్మాయిలకు నటనపై మనసుపడగానే ఈ సందేహం ఎదురవుతుంది.

ఖర్చు: నెల్లూరు పురమందిరంలో నాటకమాడితే ఇంటి నుంచే వెళ్లి రావచ్చు. చెన్నైలో అవకాశాల కోసం నిలవాలంటే అద్దె, ఫోటోలు, ప్రయాణాలు ముందుగానే భరించాలి.

శ్రమ: అసలు తేడా ఇక్కడే ఉంది. రంగస్థలంపై మాట తడబడితే వెనక్కి తీసుకొనే వీలుండదు. పాత్ర మొత్తం కంఠస్థం కావాలి, చివరి వరుసకూ గొంతు చేరాలి. కెమెరా ముందు మళ్లీ తీయవచ్చు గాని, కథాక్రమం తప్పి చిత్రీకరించే ముక్కల్లో భావాన్ని నిలుపుకోవాలి. పైగా డబ్బింగు మరొకరు చెప్పవచ్చు. భాషను అంతగా సాధించిన నటికి ఇది అన్యాయమనే నా అభిప్రాయం.

నష్టభయం: నాటకంలో ఆదాయం తక్కువ, సినిమాలో అనిశ్చితి ఎక్కువ.

రెండో భాష: నెల్లూరులో పుట్టిన వాణిశ్రీ 1971లో ‘ప్రేమనగర్’లోనూ, 1972లో దాని తమిళ రూపం ‘వసంత మాళిగై’లోనూ నాయికగా నటించారు. ఇంతటి విస్తృతి నాటకానికి లేదు.

చదువో ఉద్యోగమో వదలలేనివారికి, గొంతు ఇంకా కుదురుకోనివారికి నాటకమే తగినది. కొంతకాలం ఆదాయం లేకున్నా కుటుంబం ఆదుకోగలిగి, తమిళ ఉచ్చారణ గట్టిపడినవారు చెన్నై వెళ్లవచ్చు.